గీజర్ మొరాయిస్తే ఎవర్ని పిలవాలి? రాయగడ, కొరాపుట్ వైపు ఉన్నవాళ్ల కోసం

మార్గశిర లక్ష్మివారం. తెల్లవారుజామున నాలుగున్నరకి గీజర్ స్విచ్ వేస్తే ఎర్ర లైటు చక్కగా వెలిగింది. ఐదింటికి కుళాయి తిప్పి చూస్తే నీళ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. గ్యాస్ పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కించి, ఆ పూటకి తలస్నానాలు ఎలాగో కానిచ్చాం.

తర్వాత పది రోజుల్లో ముగ్గురు వచ్చి చూశారు. మొదటాయన మూత విప్పకముందే "ఎలిమెంట్ పోయిందండి, మార్చీమంటారేటి?" అన్నాడు. లోపల నీళ్లు కాచే ఆ కడ్డీని మార్చాడు, వెయ్యికి కాస్త తక్కువ తీసుకున్నాడు. నీళ్లు మళ్లీ గోరువెచ్చనే. రెండో ఆయన ట్యాంకు మీద తట్టి చూసి, కొత్తది కొనుక్కోమన్నాడు. మూడో ఆయన గీజర్ జోలికే పోలేదు. మీటర్ తీసి సాకెట్ దగ్గర వోల్టేజ్ చూశాడు, 225 ఉంది. గీజర్ ఆన్ చేయించి, దాని దగ్గర మళ్లీ చూశాడు. 180కి పడిపోయింది. మెయిన్ ఆపి గోడ సాకెట్ విప్పితే న్యూట్రల్ వైరు చివర బొగ్గులా మాడి, స్క్రూ వదులై ఉంది. వైరు కోసి, కొత్త సాకెట్ బిగించాడు. అరగంట పని.

ఆ పది రోజుల తిప్పలే ఈ వ్యాసానికి కారణం. ఆంధ్రాకి ఆనుకున్న ఒడిశాలో, మన వైపు, గీజర్ పాడైతే పిలవడానికి మనుషులు లేకపోలేదు. కంపెనీ సర్వీసు ఉంది, కొన్న షాపు ఉంది, బజారు ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఫ్యాక్టరీ కాలనీ మనిషి, పార్వతీపురం నుంచి వచ్చే చుట్టాల మిస్త్రీ, అందరూ ఉన్నారు. వీళ్లలో ఎవరు దేనికి పనికొస్తారన్నది తెలియకే డబ్బులు పోతున్నాయి.

మైదానంలో ఉన్న చుట్టాలకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. విశాఖలో గీజర్ పాడైతే నాలుగు రోజులు చన్నీళ్లు పోసుకున్నా గడిచిపోతుంది. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల సంగతి అక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. చంటిపిల్లలో, ముసలివాళ్లో ఉన్న ఇంట్లో గీజర్ ఆగిందంటే టెన్షనే. ఆ టెన్షన్‌లో ముందు దొరికిన మనిషిని పిలుస్తాం, ఆయన ఏది చెబితే దానికి తలూపుతాం.

మనిషిని దేన్నిబట్టి ఎంచుకోవాలి

తప్పు ఎక్కడుందో కనిపెట్టడం ఒక పని, దాన్ని బాగుచేయడం ఇంకో పని. మనం ఎప్పుడూ రెండోదానికే డబ్బులిస్తాం, మొదటిది ఊరికే చేసిపెట్టాలనుకుంటాం. అందుకే వచ్చినవాడు ఏదో ఒక సామాను మార్చి తీరతాడు. మార్చకపోతే ఆయనకి పెట్రోలు ఖర్చు కూడా రాదు. ఫోన్‌లోనే "చూసినందుకు ఎంత తీసుకుంటారు? ఏమీ మార్చకపోయినా ఆ డబ్బులు ఇస్తాను" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో అవతలి మనిషి చూసే తీరు మారడం నేను గమనించాను.

రెండోది, అన్నింటికంటే ముఖ్యమైనది, మీటర్. నాలుగైదు సంఖ్యలు తెలిసిన మిస్త్రీ ఊహించి చెప్పడు. మామూలు గీజర్ 2000 వాట్లది. 230 వోల్టుల మీద అది తీసుకునే కరెంటు దాదాపు 8.7 ఆంపియర్లు. కరెంటు ఆపి, వైర్లు తప్పించి, మల్టీమీటర్‌తో ఎలిమెంట్ రెండు కొనల మధ్య రెసిస్టెన్స్ చూస్తే 26 ఓమ్‌లకి అటూ ఇటూగా చూపాలి. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ 3000 వాట్లదైతే 17, 18 ఉండాలి. మీటర్ ఏమీ చూపకపోతే ఎలిమెంట్ లోపల తీగ తెగినట్టు. 26 చూపిస్తూ ఎలిమెంట్ పోయిందంటే ఆ మాట నమ్మక్కర్లేదు.

అయితే 26 చూపించినంత మాత్రాన ఎలిమెంట్ పూర్తిగా బాగున్నట్టు కాదు. తీగ బాగానే ఉండి, పైగొట్టం పగిలి, కరెంటు నీళ్లలోకి లీకవుతూ ఉండొచ్చు. దాన్ని పట్టుకోవడానికి లీకేజీని కొలిచే మెగ్గర్ కావాలి. అది బజారు మిస్త్రీల సంచీలో అరుదు.

మూడోది, తీసిన సామాను మీ చేతికి ఇవ్వాలి. ఇది అడగడానికి మొహమాటపడతాం, అడగండి. మొదటాయన పోయిందని తీసేసిన మా ఎలిమెంట్‌ని నేను పాత పేపర్లో చుట్టి అటక మీద పడేశాను. మూడో ఆయనకి ఇచ్చి చూడమంటే, మీటర్ పెట్టి నవ్వాడు. 26.

నాలుగోది, మళ్లీ పిలిస్తే రాగలడా? సరిహద్దు ఊళ్లలో ఇది పెద్ద ప్రశ్న. ఎంత గొప్ప పనివాడైనా ఘాటీ ఎక్కి రెండోసారి రాలేకపోతే, మొదటిసారి చేసిన పని సగంలో ఉన్నట్టే.

ఐదోది భాష. రాయగడ బజారులో తెలుగు, ఒడియా, హిందీ ఏదైనా నడుస్తుంది కాబట్టి మాటకి ఇబ్బంది ఉండదు. కొత్తగా వచ్చినవాళ్లకి, ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి మాత్రం తప్పు ఎక్కడుందో సొంత భాషలో చెప్పే మనిషి కావాలి. "కటౌట్ కాలిపోయింది" అని ఒడియాలో చెబితే తలూపి డబ్బులిచ్చేసే పెద్దవాళ్లని చూశాను.

లైసెన్స్ సంగతి కూడా ఒకటుంది. గీజర్ లోపలి సామాను మార్చడానికి కాకపోయినా, గోడలో వైరింగ్ మార్చాలన్నా, కొత్త లైను లాగాలన్నా, ఒడిశా ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే పర్మిట్ ఉన్న మనిషిచేత చేయించండి. కార్డు చూపించమంటే ఉన్నవాళ్లు చూపిస్తారు.

పిలిచే ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

గీజర్ మూత విప్పొద్దు. కుళాయి ముట్టుకుంటే జివ్వుమన్నా, నీళ్లలో చెయ్యి పెడితే షాక్ కొట్టినా ఏమీ చూడొద్దు. ఎంసీబీ (బోర్డులో గీజర్ లైనుకుండే, తప్పు జరిగితే దానంతటదే పడే స్విచ్) దించేసి మనిషి వచ్చేదాకా దాని జోలికి పోకండి. అలాంటిదేమీ లేకపోతే ఈ కాసిన్ని చూడొచ్చు.

గడియారం పెట్టుకోండి. మన వైపు చలికాలంలో నీళ్లు 15 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే, 15 లీటర్ల గీజర్ వాటిని 55 డిగ్రీలకి తేవడానికి 20 నిమిషాలు కాస్త దాటుతుంది, 25 లీటర్లదైతే 35 నిమిషాలు. ఇది 2000 వాట్లు పూర్తిగా అందితేనే. వోల్టేజ్ 180కి పడితే గీజర్ శక్తి దాదాపు 60 శాతానికి దిగుతుంది, 15 లీటర్లకే అరగంట పైన పడుతుంది. అంటే గీజర్ బాగానే ఉన్నా పాడైనట్టే కనిపిస్తుంది. మా ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే, కాకపోతే మా వోల్టేజ్ వీధిలో కాకుండా మా గోడలోనే పడిపోయింది.

కాబట్టి పక్కింటివాళ్లని అడగండి. వాళ్ల ఫ్యాన్ కూడా నెమ్మదిగా తిరుగుతుంటే, లైట్లు మసకగా ఉంటే మిస్త్రీ దండగ, 1912కి ఫోన్ చేయండి. 2021 జనవరి నుంచి దక్షిణ ఒడిశా జిల్లాలకి కరెంటు పంపిణీ చూస్తున్నది టీపీ సదరన్ ఒడిశా డిస్ట్రిబ్యూషన్, వాళ్ల ఫిర్యాదు నంబరు అదే.

గీజర్ పావుగంట నడిచాక స్విచ్ ఆపి, వెంటనే ప్లగ్‌ని చేత్తో తాకి చూడండి. ప్లగ్ వేడిగా ఉన్నా, సాకెట్ చుట్టూ పసుపు మరకో నల్లమరకో ఉన్నా జబ్బు అక్కడే ఉండొచ్చు. ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచో, చిన్న ప్లగ్గు కన్వర్టర్‌తోనో గీజర్ నడుపుతుంటే అది వెంటనే ఆపేయండి. గీజర్‌కి 16 ఆంపియర్ల సాకెట్, దానికి సొంత ఎంసీబీ ఉండాలి.

లైట్లు ఎలా వెలుగుతున్నాయో రాసుకోండి. అసలు లైటే లేకపోతే కరెంటు లోపలికి రావట్లేదు. లేదా నీళ్లు మరీ కాగిపోయి, కాపాడే కటౌట్ తెగి ఉండొచ్చు. లైటు వెలిగి నీళ్లు అస్సలు వేడెక్కకపోతే ఎలిమెంట్ మీద అనుమానం. వేసీవేయగానే ఎంసీబీ పడుతోందా, ఆర్‌సీసీబీ పడుతోందా అన్నది కూడా చూడండి. రెండూ వేరు. ఎంసీబీ పడితే షార్టో, లోడెక్కువో. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పడితే ఎక్కడో కరెంటు నీళ్లలోకో ఎర్త్‌లోకో లీకవుతోంది. ఆ రెండో రకం తప్పుకి మంచి మనిషి కావాలి, తొందర మనిషి కాదు.

ఇంకొకటి. వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కచుక్కగా నీళ్లు కారడం జబ్బు కాదు. నీరు వేడెక్కితే పెరుగుతుంది, ఆ పెరిగింది బయటికి పోవాలి. దాన్ని ఎం-సీల్‌తో మూసేసే మహానుభావులు ఉన్నారు. అలా మూసినవాణ్ణి మళ్లీ గుమ్మం ఎక్కనివ్వొద్దు.

కంపెనీ సర్వీస్ సెంటర్

వారంటీ ఉన్నవాళ్లు ఇంకో ఆలోచన చేయక్కర్లేదు, ఇటే రావాలి. బయటి మనిషి మూత విప్పితే వారంటీ పోయిందంటారు. మామూలుగా మొత్తం వస్తువుకి ఇచ్చే వారంటీ కంటే ట్యాంకుకి ఇచ్చేది ఎక్కువ ఏళ్లుంటుంది. అందుకని మొత్తం వారంటీ అయిపోయిందని బిల్లు పారేయకండి. నాలుగో ఏట ట్యాంకు కారితే ఆ కాగితమే దిక్కు. ట్యాంకు చిల్లు పడితే బజారులో ఎవరూ బాగుచేయలేరు.

మన ఊళ్లలో చాలామంది గీజర్ పార్వతీపురంలోనో, విజయనగరంలోనో కొని తెచ్చుకుంటారు. అలాంటప్పుడు వారంటీ పోదు. కానీ ఫిర్యాదు రాసుకునేటప్పుడు కొన్న ఊరు చూడరు, గీజర్ బిగించిన ఇంటి పిన్‌కోడ్ చూస్తారు. రాయగడ 765001 అని చెబితే పని ఒడిశా వైపు సెంటర్‌కి పోతుంది, అక్కడినుంచి ఒడియాలోనో హిందీలోనో ఫోన్ వస్తుంది. కొన్నచోటి పిన్‌కోడ్ ఇచ్చారో, ఎవరూ రాకుండానే నాలుగు రోజులు గడిచిపోతాయి. ఇంటి పిన్‌కోడే ఇవ్వండి.

ఫోన్ నంబరు గీజర్ పక్కనున్న స్టిక్కరు మీదో, వారంటీ కార్డు మీదో చూసి చేయండి. ఇంటర్నెట్‌లో వెతికితే పైన కనిపించే కస్టమర్ కేర్ నంబర్లలో దొంగవి కలిసిపోయి ఉంటాయి. పది రూపాయలు రిజిస్ట్రేషన్ అని లింకు పంపించి ఖాతా ఊడ్చేస్తారు. అలా డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఓటీపీ విషయం కూడా గుర్తుంచుకోండి. వచ్చిన టెక్నీషియన్ "ఓటీపీ చెప్పండి సార్, కంప్లయింట్ నమోదు కావాలి" అంటాడు. చాలాసార్లు అది కంప్లయింట్ మూసేసే ఓటీపీ. నీళ్లు వేడెక్కాక చెప్పండి.

వీళ్ల బలం అసలు స్పేర్లు, రసీదు. బలహీనత ఏమిటంటే, జయపురం నుంచో బరంపురం నుంచో వచ్చే మనిషి రోజుకి ఎన్నో ఇళ్లు తిరగాలి. నిదానంగా వెతికే తీరిక ఉండదు. గీజర్ దాకా చూస్తాడు, గోడ వైరింగ్ నాది కాదంటాడు. నిజానికి అది ఆయన తప్పు కాదు, ఆయన ఉద్యోగం అంతవరకే.

కొన్న షాపు

గీజర్ కొని ఏడాది లోపైతే షాపుకి వెళ్లి గట్టిగా అడగొచ్చు. ఊళ్లో షాపువాడికి మీ మొహం తెలుసు, రేపు ఫ్రిజ్ కూడా ఆయన దగ్గరే కొంటారని తెలుసు. కాబట్టి మనిషిని పంపిస్తాడు. ఆ మనిషి చాలావరకు బిగించేవాడే, తప్పు పట్టేవాడు కాదు. సరిహద్దు అవతలి షాపు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఉచిత సర్వీసు అన్న మాట వాళ్ల ఊరి పొలిమేర దాకానే.

బజారు ఎలక్ట్రీషియన్

ఎలక్ట్రికల్ షాపు మెట్ల మీద పొద్దున్నే కూర్చుని ఉంటారు. ఊళ్లోనే ఉంటారు, పిలిస్తే సాయంత్రానికి వస్తారు, రెండోసారి పిలిచినా వస్తారు. వారంటీ అయిపోయిన గీజర్‌కి నా ఓటు వీళ్లకే. కాకపోతే వీళ్లలో మనిషికీ మనిషికీ ఏనుగుకీ ఎలుకకీ ఉన్నంత తేడా ఉంటుంది. మా మొదటాయనా బజారు మనిషే, మూడో ఆయనా బజారు మనిషే.

తేడా ఫోన్‌లోనే తెలిసిపోతుంది. "గీజర్ నీళ్లు వేడెక్కట్లేదు బాబూ, ఏమయ్యుంటుంది?" అని అడగండి. "ఎలిమెంటే, ఎనిమిది వందలవుద్ది" అని టక్కున చెప్పాడా, థాంక్స్ చెప్పి పెట్టేయండి. "లైటు వెలుగుతోందా? ఎన్ని లీటర్లది? ఎంసీబీ పడుతోందా?" అని ఎదురు ప్రశ్నలు వేశాడా, రమ్మనండి.

షాపు మెట్ల మీద వాళ్లకి షాపుతో కమీషన్ ఉండటం మామూలే. సామాను ఎక్కువ అమ్మితే ఇద్దరికీ లాభం. అందులో నేరమేమీ లేదు. మీరు సామాను విడిగా కొని తెస్తానంటే సరిపోతుంది. ఐఎస్‌ఐ గుర్తున్న ఎలిమెంట్, వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ కొనండి, బిల్లు తీసుకోండి.

ఒక్క మాట వింటే మాత్రం పని అక్కడికక్కడే ఆపించండి. "కటౌట్ తీసేసి డైరెక్ట్ ఇచ్చేశానండి, ఇక ఏ ఇబ్బందీ ఉండదు." థర్మోస్టాట్ ఇరుక్కుపోయి నీళ్లు ఆగకుండా కాగుతుంటే కరెంటు తెంచేది ఆ కటౌటే. దాన్ని తప్పించిన గీజర్ బాత్రూమ్‌లో వేలాడుతున్న ప్రెషర్ కుక్కరు, పైన విజిల్ కూడా లేనిది. డైరెక్ట్ చేసిన రోజు నీళ్లు బ్రహ్మాండంగా వేడెక్కుతాయి. ఆ సంబరంలో మిస్త్రీకి టీ కూడా ఇస్తాం.

ప్లంబర్

పైపు జాయింటు కారుతున్నా, వేడి నీళ్లు సన్నగా వస్తున్నా, వాల్వ్ మార్చాలన్నా ప్లంబర్. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ట్యాంకు లోపల సున్నంలా పేరుకుంటుంది, ఎలిమెంట్ మీద కూడా పెచ్చు కడుతుంది. దాన్ని గీకి శుభ్రం చేయడం, లోపలి మెగ్నీషియం రాడ్ అరిగిపోతే మార్చడం చేయగల ప్లంబర్లు కొందరున్నారు. కరెంటు తప్పు కనిపెట్టమని మాత్రం అడగొద్దు. కింద మూతలోంచి, వైర్లున్నచోటినుంచి నీళ్లు కారితే ముందు ఎంసీబీ దించి ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

ఫ్యాక్టరీ కాలనీ మనిషి

ఇది మన ప్రాంతానికున్న వరం. రాయగడ పక్కన జేకేపూర్‌లో కాగితం మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, దమంజోడిలో నాల్కో, సునాబెడలో విమాన ఇంజన్లు చేసే హెచ్ఏఎల్. వీటిలో మెయింటెనెన్స్ పని చేసినవాళ్లు, చేసి రిటైరైనవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఉన్నారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. పెద్ద మోటార్లకి తప్పు పట్టినవాళ్లకి మన గీజర్ ఒక లెక్కా? మెగ్గర్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు, అవసరమైతే ఎక్కడినుంచో తేగలిగినవాళ్లు. కొలవకుండా మాట్లాడటం వాళ్ల అలవాటులోనే లేదు.

కష్టం ఏమిటంటే వాళ్లు దుకాణం పెట్టి కూర్చోరు. ఎవరో తెలిసినవాళ్లు చెప్పాలి, వాళ్లకి వీలున్న సాయంత్రం రావాలి, స్పేర్లు మనం కొని పెట్టుకోవాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి బయటి పని చేయడానికి కంపెనీ ఒప్పుకోకపోవచ్చు, అందుకని బలవంతపెట్టకండి. రిటైరైన పెద్దాయన అయితే డబ్బులు వద్దంటాడు. వద్దన్నా ఇవ్వండి. ఊరికే చేయించుకుంటే రెండోసారి పిలవడానికి మనకే మొహం చెల్లదు. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతూ, ఇద్దరు ముగ్గురు చూసి చేతులెత్తేసిన కేసుకి ఈ మనిషిని వెతకడం కోసం వారం ఆగినా నష్టం లేదు.

చుట్టాల మిస్త్రీ

"మా తోడల్లుడి తమ్ముడు ఉన్నాడు, సాలూరులో పేరున్న మెకానిక్, ఆదివారం వస్తాడు." నమ్మకం ఉంటుంది, తెలుగులో వివరంగా చెబుతాడు, భోజనం పెడితే చాలంటాడు. రెండోసారి రావడమే కష్టం. పైగా పని సరిగ్గా చేయకపోతే అడగలేం, అడిగితే పెళ్లిళ్లలో మొహాలు చూసుకోవాలి. నేనైతే వీళ్లని పనికి పిలవను, ఫోన్‌లో సలహాకి వాడతాను. బజారు మిస్త్రీ చెప్పింది వీడియో కాల్‌లో వినిపించి, "ఏరా, నిజమేనా?" అని అడుగుతాను. దానికి వాళ్లంత గొప్పగా ఇంకెవరూ పనికిరారు.

అన్నీ ఒకచోట చూసుకోవాలనుకునేవాళ్లకి:

| ఎవరు | కొలిచి చెబుతారా | మళ్లీ పిలిస్తే | దేనికి పిలవాలి |
|---|---|---|---|
| కంపెనీ సర్వీసు | గీజర్ వరకు | వస్తారు, రోజులు పడుతుంది | వారంటీ ఉన్నప్పుడు, ట్యాంకు కారితే |
| కొన్న షాపు | తక్కువ | ఊళ్లో షాపైతే వస్తారు | కొత్త గీజర్, బిగింపులో తప్పు |
| బజారు ఎలక్ట్రీషియన్ | మనిషినిబట్టి | ఆ సాయంత్రమే | వారంటీ అయ్యాక, సాకెట్, వైరింగ్ |
| ప్లంబర్ | సంబంధం లేదు | వస్తారు | జాయింట్లు, వాల్వ్, సున్నం |
| కాలనీ మనిషి | తప్పకుండా | ఆయన వీలునిబట్టి | అంతు చిక్కని తప్పు, లీకేజీ |
| చుట్టాల మిస్త్రీ | చాలావరకు | కష్టం | ఫోన్‌లో రెండో అభిప్రాయం |

గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లకి ఈ పట్టిక వర్తించదు. అది మూసిన బాత్రూమ్‌లో ఉంటే తప్పు వెతకడం తర్వాత, ముందు దాన్ని బయటికి మార్చండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, స్నానం చేస్తూనే మనిషి పడిపోతాడు. గ్యాస్ వాసన వస్తే 1906.

ఎవరికి ఏది నప్పుతుంది

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది గీజర్ ఎవరిదన్నది. గీజర్ మీదైనా సాకెట్, వైరింగ్ ఇంటివాళ్లవి. మిస్త్రీ వచ్చినప్పుడు ఇంటాయన కూడా ఉండేలా చూసుకోండి. గోడలో తప్పు ఆయన కళ్లముందే బయటపడితే ఖర్చు గురించి తర్వాత వాదన ఉండదు.

కంపెనీ క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లు వైరింగ్ తప్పైతే బయటి మనిషిచేత చేయించకండి. మెయింటెనెన్స్ ఆఫీసులో రాసిపెట్టండి. ఆలస్యమైనా అదే పద్ధతి.

కాశీపురం, మునిగుడ, పొట్టంగి లోపలి ఊళ్లలో ఉన్నవాళ్లకి ఆరుగురిలో ఇద్దరు ముగ్గురు దొరికితే గొప్ప. అలాంటి చోట మనిషిని రప్పించే ఖర్చు సామాను ఖర్చుని మించుతుంది. వారంటీ లేకపోతే, గీజర్ విప్పి టౌనుకి పట్టుకెళ్లి, అక్కడ కళ్లముందు మీటర్ పెట్టించడమే చవక. గీజర్ దిగినప్పుడు ఇంట్లో సాకెట్‌ని కూడా ఎవరిచేతైనా చూపించండి. లేకపోతే బాగైన గీజర్ తెచ్చి మళ్లీ మాడిన సాకెట్‌కే తగిలిస్తారు.

పనయ్యాక మాట తేడా వస్తే, ముఖ్యంగా కంపెనీతో, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడొచ్చు. బిల్లు, కంప్లయింట్ నంబరు, స్టిక్కరు ఫొటో దగ్గర పెట్టుకోండి. బజారు మిస్త్రీ మీద కేసులకి పోయేంత ఓపిక ఎవరికీ ఉండదు, ఆ డబ్బులు పోయినట్టే. అందుకే రెండు విడతలుగా ఇవ్వండి. చూసినందుకు అప్పుడే, బాగుచేసినందుకు మర్నాడు పొద్దున నీళ్లు పోసుకున్నాక. ఊళ్లో మనిషైతే దీనికి ఒప్పుకుంటాడు.

ఇక హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని, రాయగడలో ఉన్న అమ్మానాన్నల కోసం మిస్త్రీని మాట్లాడే పిల్లల సంగతి. వీళ్లు ఫోన్‌లోనే డబ్బులు పంపించేస్తారు, మనిషి వచ్చాడో లేదో, ఏం చేశాడో తెలియదు. అలా చేయకండి. పక్కింటి వాళ్లనో, ఎదురింటి మావయ్యనో ఒక అరగంట అక్కడ కూర్చోమనండి. మిస్త్రీ మీటర్ పెట్టినప్పుడు ఆ అంకె ఫొటో తీసి పంపమనండి. మా అత్తయ్యకి మీటర్ అంటే ఏమిటో తెలియదు, అయినా మొన్న వచ్చిన కుర్రాణ్ణి గుమ్మంలోనే ఆపి అడిగిందట, "అంకెలు చూపించే డబ్బా తెచ్చావా బాబూ?" లేదన్నాడు. మంచినీళ్లిచ్చి, డబ్బా తెచ్చుకుని రమ్మని పంపేసింది. సాయంత్రం తెచ్చుకుని వచ్చాడు.